కాగితం తెరవకముందే

"చెవుల పాఠం చెప్పిన సారు ఎవరు?"

స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి ఆమె అడిగింది. చేతిలో మడిచిన గొడుగు ఉంది. దాని కొస మా వైపే చూస్తోంది.

లెక్కలు చెప్పే జోసెఫ్ టిఫిన్ డబ్బాకు మూత పెట్టేసి నన్ను చూపించాడు.

"నేనే," అన్నాను లేచి. "శివశరణ్. బయాలజీ."

"మంచిగుంది. నేను చందన మేనత్తను. సవిత. మా పిల్ల రెండు దినాల నుంచి అన్నం తింటలేదు. ఎందుకో ఎరుకేనా?"

చందన పదో తరగతి. ముందు బెంచీలో కూర్చుని నేను దగ్గినా నోట్సులో రాసుకునే రకం.

"ఒంట్లో బాగోలేదా?"

"ఒళ్లు మంచిగనే ఉంది. తల్లిదండ్రులే లేరట!"

నాకు అర్థం కాలేదు. ఆమె గొడుగును బల్ల మీద పెట్టి, చిన్న పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"మా అన్న చెవి తమ్మెలు చెంపకు అతుక్కొని ఉంటయి. మా వదినవి గూడ గట్లనే. పిల్లవి యేలాడుతయి. నువ్వు బోర్డు మీద పెద్దక్షరం, చిన్నక్షరం రాసి, అసొంటి తల్లిదండ్రులకు ఇసొంటి పిల్ల పుట్టనే పుట్టదంటివట. అన్నవా, లేదా?"

"అంటే... పాఠంలో..."

"ఆగు, ఇంక ఉంది. చిన్నప్పటి నుంచి అది అల్లరి చేసినప్పుడల్ల మా అన్న ఏమంటడు? నిన్ను కల్హేర్ అంగట్ల తవుడిచ్చి కొనుక్కొచ్చిన అంటడు. అందరిండ్లల్ల అనే మాటనే. ఇప్పుడు పిల్ల ఏమంటుంది? సైన్స్ ప్రకారం గూడ నేను కొన్నదాన్నేనని సారు తేల్చిండు, నా అసలు అమ్మ ఎక్కడుందో చెప్పుండ్రి అంటుంది. నిన్న పొద్దుగూకేదాక మా వదిన గూడ ఏడ్వవట్టె."

జోసెఫ్ మళ్లీ టిఫిన్ డబ్బా తెరిచి అందులోకి తల వంచాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"మా వదినకు నొప్పులొచ్చినప్పుడు చెయ్యి పట్టుకున్నది నేను. గీ చెయ్యే. ఆమె గోర్ల గుర్తులు ఇంక ఉన్నయి. చూస్తవా?"

చేయి చాపింది. చూడకూడదనుకుంటూనే చూశాను. గుర్తులేమీ కనిపించలేదు. ఆ సంగతి నేను చెప్పలేదు.

"రేపు క్లాసులో మాట్లాడతాను," అన్నాను.

"ఏమని?"

"ముందు చదువుకుని, తర్వాత మాట్లాడతాను."

ఆమె గొడుగు తీసుకుని వెళ్లబోతూ ఆగింది.

"అంటే మొన్న చదువుకోకుండనే చెప్పినవా సార్?"

ఆ సాయంత్రం నిజంగానే చదువుకున్నాను. చెవి తమ్మెల ఆకారం ఒక్క జన్యువు చేతిలో లేదు. చాలా జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. బొమ్మ గీయడానికి వీలుగా ఉంటుందని మేం దాన్ని తేలిక ఉదాహరణగా చెప్పేస్తాం. నాకు తెలిసి ఉండాల్సింది.

మరునాడు బోర్డు తుడిచి, మొన్న చెప్పింది తప్పని పిల్లలకు చెప్పాను. పక్కవాళ్ల చెవులు చూడమన్నాను. అతుక్కున్నవీ కాకుండా, వేలాడేవీ కాకుండా మధ్యస్థంగా ఉన్న చెవులు క్లాసులో పదకొండు మందికి తేలాయి. కొన్ని లక్షణాలు ఒక్క జన్యువుతో తేలిపోతాయి, కొన్ని తేలవు, ఏది ఏదో తెలుసుకోకుండా మాట్లాడకూడదు అన్నాను.

చందన లేచింది. "అయితే నేను మా అమ్మ బిడ్డనే కదా సార్?"

"నువ్వు లేచి నిలబడి అడిగే తీరు చూస్తే మీ అత్తకు మేనకోడలివే. అంతవరకు నేను హామీ."

క్లాసంతా నవ్వింది. చందన ఆ మాటను కూడా నోట్సులో రాసుకుంది.

*

మా ఇల్లు నారాయణఖేడ్‌లో, బడి మనూరు వైపు. సవిత వాళ్ల ఇల్లు మనూరు వైపు, ఆమె రక్తపరీక్షలు చేసే ల్యాబు ఖేడ్‌లో. పొద్దున నా ఆటో అటు పోతుంటే, ఆమె ఆటో ఇటు వస్తుంది. సాయంత్రం తిరిగి ఇదే కథ. ఇన్నేళ్లుగా మేం రోజుకు రెండుసార్లు ఒకరినొకరు దాటుకుపోతూనే ఉన్నామన్న సంగతి నాకు తెలియదు.

ఆ వారం తెలిసింది. కంది చేల మధ్య ఎదురొచ్చిన ఆటోలోంచి ఒక చేయి బయటకు వచ్చింది. చూస్తే సవిత. రెండు వేళ్లతో తన చెవి తమ్మె పట్టుకుని లాగి చూపించి, వెళ్లిపోయింది.

అది గేలి చేయడమో, క్షమించడమో తేల్చుకోవడానికి నాకు బడి వచ్చేదాకా పట్టింది.

మరునాడు నేనూ నా చెవి పట్టుకుని చూపించాను. ఆటోలో పక్కనున్న ముసలాయన, "చెవి నొస్తుందా సారూ?" అన్నాడు.

నాకు తెలియకుండానే రోజూ కుడివైపు అంచున కూర్చోవడం అలవాటైంది. ఆటో నడిపే దుర్గేశ్ పదిరోజులు ఓపిక పట్టాడు.

"సార్, గా దిక్కు ఎండ కొడ్తది. ఇటు జరుగు."

"పర్లేదు."

"వాన కొడ్తున్నా గాడనే కూసుంటున్నవ్."

"గాలి బాగుంటుంది."

"అవునవును. ఎనిమిదీ ఇరవైకి వచ్చే గాలి మస్తుంటది," అన్నాడు అద్దంలోంచి చూస్తూ.

ఆగస్టులో ఒక సాయంత్రం పెద్ద వాన పడింది. దారి మధ్యలోని వాగు రోడ్డెక్కి పారుతోంది. ఆటోలన్నీ ఆగిపోయాయి. నేను ఇవతలి ఒడ్డున ఒక రేకుల షెడ్డు కింద నిలబడ్డాను. అవతలి ఒడ్డున చింతచెట్టు కింద అదే గొడుగు. వాన తెరలోంచి దాని రంగు మాత్రం తెలుస్తోంది.

ఫోన్ మోగింది.

"సార్, నేను. సందేహాలుంటే అడగమని పిల్లలకు నంబరిచ్చినవట కదా? నాకు సందేహం వచ్చింది."

"అడగండి."

"ఎదురుంగ మనిషి కనబడుతున్నా గట్ల నెత్తి వంచుకొని నిలబడుడు మీ ఇంట్ల వంశంగ వస్తదా, నువ్వే నేర్చుకున్నవా?"

తలెత్తాను. గొడుగు అటూ ఇటూ ఊగింది.

"నేర్చుకున్నదే," అన్నాను. "మా నాన్న విరుపాక్షప్ప తన బట్టల దుకాణంలో రోజంతా మాట్లాడతాడు. నాకు మాటలు మిగల్లేదు."

ఆమె నవ్వింది. వాగు పారే చప్పుడులోంచి ఫోన్లో ఆ నవ్వు స్పష్టంగా వినిపించింది. తర్వాత ఇద్దరం కాసేపు చాలా మామూలు విషయాలు మాట్లాడుకున్నాం. సూది చూసి పరుగెత్తిన పహిల్వాన్ గురించి ఆమె చెప్పింది. పరీక్షలో గుండెకు నాలుగు గదులూ ఒక వంటిల్లూ గీసిన విద్యార్థి గురించి నేను చెప్పాను.

"మా అన్న సంబంధాలు చూస్తుండు సార్," అంది ఉన్నట్టుండి.

"అలాగా."

"అలాగా అంటె? నీకెరుకున్నోళ్లు ఎవరన్న ఉంటె చెప్పు. తప్పు చేస్తె ఒప్పుకునేటోళ్లు కావాలె. అంతకుమించి పెద్ద కోరికలు లేవు."

"ఒకతను ఉన్నాడు," అన్నాను.

"ఎట్లుంటడు?"

"రోజూ కుడివైపు కూర్చుంటాడు."

అవతల గొడుగు కదలడం ఆగింది. మునుపటికన్నా మెల్లగా అన్నది:

"అయితే అతనికి ముందే చెప్పాలె. నాకు బలం తక్కువ. రోజూ ఊరందరి రక్తం చూస్త గని, నా హిమోగ్లోబిన్ పది దాటదు. బడిల ఉన్నప్పటి నుంచి ఐరన్ గోలీలు మింగుతున్న. ఒక్క పాయింట్ పెరగదు. మా వదిన గింజలు, బెల్లం, ఏం పెట్టినా అంతే. నవ్వొస్తలేదా సార్? ల్యాబుల పనిచేసేదానికే రక్తం లేదు."

నాకు నవ్వు రాలేదు.

ఏళ్ల తరబడి ఐరన్ తీసుకున్నా పెరగని రక్తం ఎలాంటిదో నాకు తెలుసు. అలాంటిదే నాది. మా అవ్వదీ, నాన్నదీ అంతే. మా ఇళ్లలో అమ్మను అవ్వ అనే అంటాం.

"సార్? ఉన్నవా?"

"ఆలోచించి చెప్తాను," అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేసింది. వాగు తగ్గి ఆటోలు కదిలేసరికి అవతల చింతచెట్టు కింద ఎవరూ లేరు.

*

ఆ తర్వాత ఐదు రోజులు ఆమె ఆటోలో ఎడమవైపు కూర్చుంది.

శనివారం బడి అయ్యాక ల్యాబుకు వెళ్లాను. రోగులు లేరు. ఆమె గాజు గొట్టాలకు చీటీలు అంటిస్తోంది.

"ఏం పరీక్ష?" అంది తల ఎత్తకుండా.

జేబులోంచి పాత కాగితం తీసి ముందు పెట్టాను. ఆమె చదివింది. ఒకచోట ఆమె వేలు ఆగింది.

"నువ్వు తలసీమియా క్యారియర్‌వా?"

"అవును. నాకు ఏ బాధా లేదు. ఒక జన్యువు చెడింది, దాని జంట మంచిది. ఆ మంచిది పని నడిపిస్తుంది. మా తమ్ముడు రుద్రేష్‌కు రెండూ చెడ్డవే వచ్చాయి."

ఆమె చేతిలోని చీటీ పక్కన పెట్టింది.

"మా అవ్వ పెళ్లి చేసుకుంది తన సొంత మేనమామను. మా వాళ్లలో ఉన్నదే. ఇద్దరిలోనూ అదే చెడిన జన్యువు ఉందని ఎవరికీ తెలియదు. అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ముందు బిడ్డ బాగుంటే తర్వాతి బిడ్డకు తగ్గదు, పెరగదు. ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచే. రుద్రేష్‌కు రక్తం ఎక్కిస్తూ వచ్చారు. పదకొండేళ్లు ఉన్నాడు."

ఆమె లేచి, నీళ్ల గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.

"వాగు కాడ ఫోన్ల గందుకే సప్పుడు చేయలేదా? నా ఐరన్ గోలీల ముచ్చట ఇని?"

"అవును."

"నేను పిచ్చిదాన్ని. రక్తం లేని పిల్ల వద్దనుకున్నవని, ఐదు దినాలు తిట్టుకుంట తిరిగిన." గ్లాసు నా వైపు జరిపి అడిగింది. "నాకు గూడ ఉందనుకుంటున్నవా?"

"తెలియదు. చూడాలి."

"చూద్దాం. గా పట్టీ కట్టు."

"ఏమిటి?"

"ఇంకో అమ్మాయి సెలవు పెట్టింది. నా రక్తం నేనే తీసుకోవాలె. జబ్బకు గా రబ్బరు పట్టీ కట్టు సార్, బయాలజీ చెప్తవు కదా!"

కట్టాను. వదులుగా కట్టానంది. మళ్లీ కట్టాను. చెయ్యి విరుస్తావా అంది. మూడోసారికి కుదిరింది. ఆమె సూది దగ్గరకు తెస్తుంటే, ఏటా ఒక నెలంతా రక్తప్రసరణ పాఠం చెప్పే నేను కళ్లు మూసుకున్నాను.

"అయిపోయింది. కండ్లు తెరువు," అంది. ఆమె మొహంలో చాలా రోజుల తర్వాత నవ్వు కనిపించింది. "ఇది హైదరాబాద్ పోయి రావాలె. గురువారం వస్తది. గని సార్, ఒక్క మాట."

"చెప్పండి."

"నీ జవాబు కాగితం రాకముందే చెప్పాలె. మంచిగ వచ్చినాక అవునంటే, గది కాగితానికి చెప్పినట్టు. నాకు చెప్పినట్టు గాదు."

"కాగితంలో ఉండేది పిల్లల జీవితం, సవితా."

మొదటిసారి పేరు పెట్టి పిలిచానని ఇద్దరికీ తెలిసింది.

"నాకు తెల్సు. దినాం గవే చూస్త. రెండు దిక్కుల ఉంటె ఏం చేయాల్నో, కడుపైనాక పదకొండు వారాలకు ఏం పరీక్ష చేయాల్నో అన్నీ ఎరుకే. పిల్లల సంగతి కాగితం చెప్పని. నేను నీకు కావాల్నా వద్దా, గది నువ్వు చెప్పు."

నేను ఏమీ చెప్పకుండానే వచ్చేశాను. నా నోరు అంత చేతకానిది.

*

బుధవారం సాయంత్రం అవ్వ జొన్నరొట్టెలు చేస్తోంది. మా ఇళ్లలో అమ్మను అవ్వ అనే అంటాం. పొయ్యి పక్కన కూర్చుని సవిత సంగతి మొత్తం చెప్పాను.

"ఆ పిల్లకు తమ్ముని ముచ్చట చెప్పినవా?"

"చెప్పిన."

"మంచి పని చేసినవ్." రొట్టె తిప్పింది. "మీ నాయిన, నేను ఒక్క ఇంటోళ్లం. బయటి పిల్లను చేసుకొనుంటె ఆయనకు గీ గోస లేకుండె. నన్ను చేసుకున్నడు. తప్పు నా రక్తంల ఉండె."

ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. తప్పు కాదని చాలాసార్లు చెప్పాను. బోర్డు మీద గీసినట్టు గీసి కూడా చూపించాను. సరే బిడ్డా అనేది. మళ్లీ అదే అనుకునేది.

"అవ్వా, ఒకటి అడుగుతా. రుద్రేష్‌ను కనకపోతే బాగుండు అని ఎప్పుడన్నా అనుకున్నవా?"

ఆమె చేయి ఆగింది. పెనం మీద రొట్టె అంచు నల్లబడింది.

"వాడు పోయినందుకు ఏడ్చిన. వచ్చినందుకు ఒక్కనాడు ఏడ్వలేదు," అంది.

మాడిన రొట్టెను నేను తిన్నాను.

గురువారం సాయంత్రం సవిత మా ఇంటికే వచ్చింది. వెంట వాళ్లన్న బస్వరాజ్ ఉన్నాడు. కందులు పండించే మనిషి, గట్టి గొంతు. చెవి తమ్మెలు చెంపకు అతుక్కుని ఉన్నాయి. నాకు చూపు తిప్పుకోవడం కష్టమైంది.

"చూసినవా సారూ? మంచిగ చూసుకో," అన్నాడు కూర్చుంటూ. "గీ చెవుల వల్లనే ఇంత దూరం వచ్చిన. నా చెల్లె అన్నీ చెప్పింది. మంచిదో చెడ్డదో నలుగురి ముందట తెరుస్త అన్నది. తెచ్చిన."

సవిత సంచిలోంచి కవరు తీసి చాప మీద పెట్టింది. అంటించింది అంటించినట్టే ఉంది. ఆమె నా వైపు చూసింది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడూ మాటలకు తడుముకోని మనిషి, ఆ రోజు ఊరుకున్నాడు.

"కవరు తెరవకముందు ఒక మాట," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇందులో ఏమున్నా సరే, నేను సవితను చేసుకుంటాను. ఆమె ఒప్పుకుంటే. పిల్లల సంగతి ఇద్దరం కలిసి చూసుకుంటాం. ఈ మాట శనివారమే చెప్పాల్సింది. ఆలస్యమైంది."

"ఐదు దినాలు," అంది సవిత. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "లెక్క పెట్టుకున్న. ఒప్పుకున్న."

బస్వరాజ్ కవరు చింపాడు. చదివి, అర్థం కాక చెల్లెలికిచ్చాడు. ఆమె చూసింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచింది.

"నాకు గూడ ఉంది," అంది.

కాగితాన్ని చాప మీద పెట్టింది.

"అంటే ఏంది? సాఫ్ చెప్పు," అన్నాడు బస్వరాజ్.

"నాకేం కాదు అన్నా. సార్‌కు గూడ ఏం కాదు. పుట్టబోయే ఒక్కొక్క బిడ్డకు మాత్రం నాలుగిట్ల ఒక వంతు డర్ ఉంటది. అందుకే బిడ్డ కడుపుల ఉన్నప్పుడే పరీక్ష చేయించాలె. ఏం జేయాల్నో గప్పుడు తెలివితోటి ఆలోచించాలె. ఇగ రేపు నీది, వదినది, చందనది గూడ రక్తం తీస్త. మన ఇంట్ల ఇంకెవరికి ఉందో చూడాలె."

"నాదెందుకు? నేను ఎడ్లతోటి సమానంగ పని చేస్త."

"నేను గూడ చేస్తున్న గదా!"

అతను చెల్లెల్ని చూశాడు, కాగితాన్ని చూశాడు. తర్వాత నన్ను. "సారూ, నా చెల్లె ఏడ్చే దినం వస్తదా?"

"రావచ్చు," అన్నాను. "వస్తే ఒక్కతే ఏడవదు."

అతను సరేనన్నట్టు తల ఊపాడు.

అప్పుడే అవ్వ మాట్లాడింది. అంతవరకు గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి ముందుకు జరిగింది.

"బిడ్డా, మీ అమ్మ-నాయినలు మేనరికమా?"

"కాదు అత్తమ్మా. మా అమ్మది సిర్గాపూర్. నాయినతోటి ఏ చుట్టరికం లేకుండె."

"మరి నీకెట్లొచ్చింది?"

"ఎవరికన్న ఉండొచ్చు అత్తమ్మా. దగ్గరోళ్లను చేసుకుంటె ఇద్దరిల ఒక్కతీరుది ఉండే ఛాన్స్ ఎక్కువ, అంతే. బయటోళ్లల్ల గూడ మస్తుమందికి ఉంది. పరీక్ష చేస్తెనే బయటపడ్తది."

"నిన్ను నా కొడుకు అంగట్లనో ఆటోలనో చూసిండు. మా వాళ్లు కారు, మా ఊరు కాదు. నీకు గూడ ఉంది." అవ్వ ఆ మాటలు ఒక్కొక్కటే పేర్చుకుంటోంది. "అంటె... గిది నా ఒక్కదాని రక్తంల పాపం గాదా?"

సవిత ఆమె దగ్గరకు జరిగి, రెండు చేతులూ పట్టుకుంది.

"పాపం అయితె నాకెందుకు వస్తది అత్తమ్మా? నేనేం జేసిన?"

అవ్వ ఆమె మొహంలోకి చూసింది. నేను బోర్డు మీద గీసి చెప్పలేకపోయినది, ఎదురుగా కూర్చున్న ఒక మనిషిని చూసి అవ్వకు అర్థమైంది. రుద్రేష్ పోయిన ఎనిమిదేళ్లలో ఆమె మా ముందు గొంతెత్తి ఏడవలేదు. ఆ రోజు ఏడ్చింది. నాన్న లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. ఎవరూ ఆపలేదు.

కొంతసేపటికి అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది. చక్కెర డబ్బా తెచ్చింది. మా ఇళ్లలో మాట ఖాయమైతే పిల్ల చేతిలో చక్కెర పొట్లం పెడతారు. పొట్లం కట్టడానికి ఆమెకు ఓపిక లేదు. గుప్పెడు తీసి సవిత అరచేతిలోనే పోసింది.

"కడుపుల పరీక్ష ఎన్నో వారం అంటివి?"

"పదకొండో వారం అత్తమ్మా. ఇంక పెండ్లే కాలేదు..."

"కాకపోతే కానియ్యి. ఆ దవాఖానకు మీ ఇద్దరే పోవద్దు. మూడు వారాలకొకసారి పదకొండేళ్లు పిల్లగాన్ని ఎత్తుకొని హైదరాబాద్ పోయిన. ఏ బస్సు ఏ యాళ్లకో, ఏ తలుపు దగ్గర నిలబడాల్నో, ఏ డాక్టరమ్మ మంచిగ చెప్తదో నాకెరుక." సవిత వేళ్లను చక్కెర మీదికి మూసింది. "నేను తోలుకపోత."

సవిత కొంచెం చక్కెర ఆమె నోట్లో పెట్టింది. మిగిలింది నా చేతిలో పోసింది. మా వేళ్ల సందుల్లోంచి చాప మీద రాలుతుంటే, బస్వరాజ్ నవ్వుతూ చేయి చాపాడు.